బొమ్మ పక్కన పద్యం

జపాన్ చెక్క అచ్చు బొమ్మ చూస్తే నా కళ్లు ముందు పైనున్న అక్షరాల మీదికే పోతాయి, వాటిని చదవడం రాకపోయినా. పైన పద్యం, వెనక కొండో ఏరో, ముందు కొప్పు సవరించుకుంటున్న అందగత్తె. పద్యం అర్థం ఎవరైనా చెప్పాక ఆమె ఎవరికోసం ఎదురుచూస్తోందో, వెనక వాన ఎందుకు కురుస్తోందో తెలుస్తుంది.

1765లో చిత్రకారుడు సుజుకి హరునోబు చేతుల్లో ఈ అచ్చుకు నిండు రంగులు వచ్చాయి. గీసిన పల్చటి కాగితాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీత చుట్టూ ఉన్న చెక్కనంతా తొలిచేస్తారు. వెంట్రుక సన్నని గీత చెక్కుచెదరకుండా నిలవాలి. పద్యానిదీ అదే కష్టం. సిరాలో సాగిన కుంచె ఒంపు ఉలికి లొంగాలి. ఆపైన ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. ప్రతి చెక్క మీదా కాగితం ఆనించడానికి గాట్లు ఉంటాయి. అక్కడ కాస్త జరిగిందా, పెదవి ఎరుపు బుగ్గకెక్కుతుంది. ఇంత పనిచేసిన చెక్కుడు పనివాడి పేరు చాలా బొమ్మల మీద కనిపించదు. నాకది అన్యాయమనే అనిపిస్తుంది.

1842లో జపాన్ ప్రభుత్వం వేశ్యల, నటుల బొమ్మలు అచ్చువేయకూడదంది. కొద్దేళ్లకే చిత్రకారులు కునియోషి, హిరోషిగె, కునిసద కలిసి, వందమంది కవుల పాత సంకలనం ఆధారంగా బొమ్మల వరుస తెచ్చారు. పైన ప్రాచీన పద్యం, కింద కథల్లోని, నాటకాల్లోని స్త్రీపురుషులు. పద్యం ఆ బొమ్మలకు అండగా నిలిచింది.

బెంగళూరులో దీనికి చుట్టమనదగ్గది కస్తూర్బా రోడ్డులో ఉంది. 2023లో తెరిచిన మ్యాప్ మ్యూజియం సేకరణలో రవివర్మ ప్రెస్ బొమ్మలున్నాయి. 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్ చెక్కకు బదులు సున్నపురాయి వాడింది. అక్కడా రంగుకో రాయి. రవివర్మ హంస దమయంతినే తీసుకోండి. స్త్రీ ఉంది, హంస ఉంది, చుట్టూ ప్రకృతి ఉంది. పద్యమొక్కటే లేదు. దాన్ని గోడకు తగిలించుకున్న ఇళ్లలో హంస రాయబారం కథ తెలిసినవాళ్లుండేవారు, మన వైపైతే శ్రీనాథుడి పద్యాలు నోటికొచ్చినవాళ్లూ ఉండేవారు. అందుకే అచ్చువేసే అవసరం రాలేదు. ఇప్పుడా పద్యం మనకు దూరమైంది. అది లేని దమయంతి పట్టుచీర కట్టుకున్న అందమైన అమ్మాయి మాత్రమే.

శ్రీనాథుడి శృంగార నైషధంలో హంస దమయంతితో మాట్లాడే ఘట్టం ఒకసారి చదువుకుని ఈ బొమ్మ ముందు నిలబడండి. వీలైతే పిల్లలకు అక్కడే వినిపించండి. ఇలాంటి బొమ్మలు ప్రదర్శించే మ్యూజియాలకు కూడా నాదొక విన్నపం: బొమ్మ పక్కన దాని పద్యాన్ని తెలుగులోనూ కన్నడంలోనూ పెట్టండి.