రంగస్థలం ప్రసాదించిన పలుకుబడి

ప్రేక్షకుడు నాటకశాల నుండి ఇంటికి తీసుకొనిపోయే మాటయే ఆ నాటకానికి నిజమైన ఆయుర్దాయం. అట్టి మాటలను ప్రజల నాలుకలపై గుర్తించి, వాటి పుట్టుపూర్వోత్తరాలను పరిశోధించి, సిద్దిపేటకు చెందిన ఈ తెలుగు ఉపాధ్యాయుడు కూర్చిన గ్రంథానికి ముందుమాట వ్రాయడం నాకు ప్రీతిపాత్రమైన కర్తవ్యం.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో పెరిగిన రూపంతో మరల వెలువడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ను గూర్చిన ప్రకరణం ఈ గ్రంథానికి ఆయువుపట్టు. తలపెట్టిన కార్యం చెడితే కథ అడ్డం తిరిగిందని వాపోయేవారిలో, మాటకారితనంతో పబ్బం గడుపుకొనేవాణ్ణి గిరీశమని పిలిచేవారిలో, ఆ నాటకాన్ని ఏనాడూ చదవనివారు ఎందరో ఉన్నారు. గౌరన కావ్యంలో కనిపించే నక్షత్రకుణ్ణి బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకం వంటివి నిరక్షరాస్యులకు సైతం పరిచితుణ్ణి చేయగా, బాకీకై వెంటబడి వేధించే ప్రతివాడికీ నేడు ఆ పేరే సార్థకమైంది.

గ్రంథకర్త దృష్టి అచ్చైన నాటకాల వద్దనే ఆగక, చిందు కళాకారులు ఊరి నడుమ ఆడే యక్షగానాల వరకు ప్రసరించడం మన సీమకు గౌరవదాయకం. భాగవత ప్రదర్శనకు పేరైన బాగోతం, గుట్టు రట్టైన వ్యవహారానికి పేరుగా మారిన తీరును ఆయన ఓర్పుతో వివరించారు. కార్యారంభానికి నాంది పలుకుతాం. ముగింపునకు భరతవాక్యం పలుకుతాం. చాటున నడిపించేవాణ్ణి తెరవెనుక సూత్రధారి అంటాం. సంస్కృత నాటక సంప్రదాయం మన నిత్యవ్యవహారంలో ఇంతగా జీర్ణించుకొని ఉన్నది. షేక్‌స్పియర్ సృష్టించిన షైలాక్ ఆంగ్లభాషలో నిర్దయుడైన వడ్డీవ్యాపారికి మారుపేరై నిలవడాన్ని వీటి సరసన చూపడం సముచితంగా ఉన్నది.

ఆధారం దొరకని జాతీయాన్ని, అది ఎంత మనోహరమైనదైనా, విడిచిపెట్టిన నిగ్రహమే ఈ పరిశ్రమకు ప్రామాణ్యాన్ని సంతరించి పెట్టింది. ఊరూరా మిగిలిన వృద్ధ నటుల, చిందు కళాకారుల నోటిమాటలను మరింత విస్తృతంగా సేకరించి మలికూర్పులో చేర్చవలసిందని గ్రంథకర్తను కోరుతున్నాను. పాఠకులు సైతం తమ ఇంటి పెద్దలు వాడే ఇట్టి పలుకుబడులను, వారు చూసిన నాటకాల పేర్లతో సహా అడిగి, వ్రాసి ఉంచుకొందురు గాక.