దేవుని సమయము, మనుష్యుల ఆలస్యము: యాకోబు 5:1–11పై మన ప్రసంగాల పరిశీలన

కష్టకాలములో ఉన్న విశ్వాసిని ఓదార్చడానికి మన వేదికల మీద తరచుగా వినబడే మాట, దేవుని సమయము కొరకు కనిపెట్టాలన్నది. దానికి ఆధారముగా యాకోబు 5:7లోని వ్యవసాయకుని ఉదాహరణ చూపుతారు. ఆ బోధ వాక్యానుసారమైనదే. అయితే దానిని ఎవరికి చెబుతున్నాము, ఏ వచనాలు విడిచిపెట్టి చెబుతున్నాము అన్నది ఇక్కడ పరిశీలించదలిచాము. నిజామాబాదు, బోధన్ చెరకు ప్రాంతపు సంఘాలను దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన చేస్తున్నాము.

1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఈ ప్రాంతములో చెరకు సాగు విస్తరించింది. 1930ల చివరలో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆరంభమైంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థ చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు ముత్యంపేట, మెదక్ యూనిట్లు కూడా మూతపడ్డాయి. కార్మికులు వేతన బకాయిల కొరకు ఆందోళనలు చేశారు. చాలామంది రైతులు చెరకు మాని వరికి మారారు. పునఃప్రారంభము విషయమై ప్రభుత్వము కమిటీని నియమించినది 2024 జనవరిలో.

ఇట్టి కుటుంబాలున్న సంఘములో “దేవుని సమయము ఇంకా రాలేదు” అని మాత్రమే చెబితే వినేవారికి ఏమి అర్థమవుతుంది? పని ఆపినవాడు, జీతము నిలిపినవాడు దేవుడే అని అర్థమవుతుంది. మనుష్యులు చేసిన ఆలస్యమును దేవుని ఖాతాలో వ్రాసినట్లవుతుంది.

యాకోబు అలా వ్రాయలేదు. గ్రీకు మూలములో 7వ వచనములో ‘ఊన్’ అనే పదమున్నది. దాని అర్థము ‘కాబట్టి’. ఓపిక గూర్చిన హెచ్చరిక దానికి ముందున్న ఆరు వచనాలకు ముడిపడి ఉన్నది. 4వ వచనములో చేలు కోసిన పనివారికి ఇవ్వక బిగబట్టిన కూలి మొఱ్ఱపెడుతున్నది, ఆ కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరాయి. ప్రభువు విన్నాడు కాబట్టి ఓపిక పట్టుమన్నది అపొస్తలుని వాదన. 4వ వచనము చదవకుండా 7వ వచనము ప్రసంగిస్తే ఓపికకున్న ఆధారమే పోతుంది.

కూలి విషయములో దేవుని సమయము మరుగైనది కూడా కాదు. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారము సూర్యుడు అస్తమించక మునుపే కూలి ఇయ్యవలెను. లేవీయకాండము 19:13 దానిని తెల్లవారు వరకు ఉంచుకొనవద్దంటుంది. దేవుడే గడువు చెప్పిన చోట ఆయన సమయము తెలియదనడము వినయము కాదు.

ఈ భేదము చెరకు రైతుకు మనకంటె బాగా తెలుసు. నాటిన చెరకు పక్వానికి రావడానికి సుమారు సంవత్సరము పడుతుంది. అక్కడ తొందరపడి లాభము లేదు. నరికిన చెరకు మాత్రము వెంటనే ఫ్యాక్టరీకి చేరాలి. నిలువ ఉంటే తూకము తగ్గుతుంది, చక్కెర శాతమూ తగ్గుతుంది. ఎదిగే పంట దగ్గర ఓపిక విశ్వాసము. కోసిన పంట దగ్గర జాప్యము నష్టము. వర్షము కొరకు కనిపెట్టడానికి యాకోబు చూపిన ఉదాహరణను నిలిపివేసిన కూలికి వర్తింపజేయడము వ్యాఖ్యాన దోషము.

ఓపిక అంటే మౌనమని చెప్పడానికి కూడా ఈ భాగములో తావు లేదు. 10వ వచనములో మాదిరిగా నిలిచిన ప్రవక్తలు ప్రభువు నామమున మాటలాడినవారు. 11వ వచనములోని యోబు దేవునితోనే వాదించినవాడు.

కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొన్నాడు గదా (అపొ. కార్య. 1:7) అని కొందరు అడుగవచ్చు. నిజమే. అందుకే ఫలానా సంవత్సరము ఫ్యాక్టరీ తెరుచుకుంటుందని వేదిక మీద ప్రవచించడము కూడా తప్పే. ఆ వచనమునకు వెంటనే సాక్షులై ఉండుమన్న మాట వస్తుంది. యిర్మీయా 29లోనూ 10వ వచనపు డెబ్బది సంవత్సరాలకు ముందు ఇండ్లు కట్టుమని, తోటలు నాటుమని, పట్టణ క్షేమమును కోరుమని 5–7 వచనాలు చెబుతున్నాయి. గడువు ఎరుగని చోట కూడా చేయవలసిన పని ఉన్నది.

మన తెలుగు బైబిలులోని ‘కనిపెట్టు’ అనే మాట మనకు ఒక మేలు చేసింది. రోగిని కనిపెట్టుకొని ఉండేవారు ఊరక కూర్చోరు. మందిస్తారు, నీళ్ళిస్తారు, రాత్రంతా మేలుకుంటారు. కాబట్టి ప్రసంగాలు సిద్ధపరచుకునే సేవకులకు, విద్యార్థులకు మా విజ్ఞప్తి ఇది. ఈ భాగమును మొదటి వచనము నుండి పదకొండవ వచనము వరకు పూర్తిగా చదవండి. ప్రసంగించే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కుటుంబము వర్షము కొరకు ఎదురుచూస్తున్నదా, కూలి కొరకా? వర్షము కొరకైతే వారితో ప్రార్థించండి. కూలి కొరకైతే ప్రార్థించి, అర్జీ వ్రాయడానికి సహాయము చేయండి, కార్యాలయానికి వారి వెంట వెళ్ళండి. దేవుని సమయమును నమ్మడమంటే ఆయన చెవిని చేరిన మొఱ్ఱ మన చెవిని కూడా చేరడము.