షుగర్ ఫైల్లో చిగుళ్లకూ ఒక గీత

చిగుళ్ల వైద్యంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది మిల్లీమీటర్ల గీతలున్న ఒక సన్నటి కొలపుల్లని. మేం ప్రోబ్ అంటాం. పంటికీ చిగురుకీ మధ్య సందులో దాన్ని మెల్లగా దించి, ఒక్కో పంటికి ఆరు చోట్ల లోతు చూస్తాం. మూడు దాకా దిగుల్లేదు. నాలుగూ ఆపైన ఉండి, తాకగానే నెత్తురు కూడా కనిపిస్తే లోపల జబ్బు నడుస్తున్నట్టే. నిదానంగా చేయాల్సిన పని ఇది. నోరు తెరిచి కూర్చున్న మనిషికీ ఓపిక కావాలి, కొలిచే చేతికీ కావాలి.

చిగుళ్లు ఇలా ఉన్నాయంటే షుగర్ ఎంతుందని అడుగుతాను. నలభై ఏళ్లు దాటినవాళ్లలో చాలామందికి ఆ ప్రశ్న వింతగా తోస్తుంది. “పళ్ల డాక్టరుకి షుగర్ రిపోర్ట్ ఎందుకండీ? నెత్తురంటారా, బ్రష్ గట్టిగా తగిలి ఎప్పుడూ వచ్చేదే” అంటారు. ఎప్పుడూ వస్తోందంటేనే నాకు భయం.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే సన్నటి రక్తనాళాలు పాడవుతాయి. క్రిములతో పోరాడాల్సిన తెల్లకణాలు మందగిస్తాయి. చిగురుని పంటికి పట్టి ఉంచే కొల్లాజెన్ తెగిన చోట మళ్లీ సరిగా కట్టుకోదు. ఇంట్లో ఇద్దరికీ ఒకే తీరున గార పట్టినా, షుగర్ అదుపులో లేని మనిషికి పంటి చుట్టూ ఎముక తొందరగా కరిగిపోతుంది. ఇంతా జరుగుతున్నా నొప్పి దాదాపు ఉండదు. పన్ను కదిలాక గానీ రారు. అప్పటికి పోయిన ఎముకని పూర్తిగా వెనక్కి తేవడం నా చేతిలో ఉండదు.

1993లోనే హెరాల్డ్ లో అనే దంత పరిశోధకుడు కళ్లు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుళ్ల వరసలో చిగుళ్ల జబ్బుని షుగర్ తెచ్చే ఆరో చిక్కుగా చేర్చాడు. చిగురు కూడా షుగర్ మీద తిరగబడుతుంది. అక్కడ రగిలే వాపు ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది. చిగుళ్లకి చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో, గత కొన్ని నెలల షుగర్ సగటుని చూపే హెచ్‌బీఏ1సీ సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని 2022 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. మందులు మానమని కాదు దీనర్థం. నోటిని వదిలేసి ఎన్ని మాత్రలు పెంచినా ఒక కంత పూడకుండా మిగిలిపోతుంది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న పేషెంట్ల భయం మాత్రం నన్ను నిజంగా కుదిపేస్తుంది. ఎముక ముందే పోయింది, గార గట్టిపడి ఆ సంగతిని దాచిపెట్టింది. గార తీశాక కొన్నాళ్లు జివ్వుమంటుంది, వాపు దిగి సందులు కనబడతాయి. చిగురు బాగుపడుతున్నప్పుడు అలాగే ఉంటుంది.

షుగర్ గురించి చెప్పినంత గట్టిగా చిగుళ్లకీ థైరాయిడ్‌కీ ఉన్న సంబంధం గురించి చెప్పలేను. హైపోథైరాయిడ్ ఉంటే పుండు మానడం ఆలస్యం కావచ్చు. కొందరికి నోరెండుతుంది, లాలాజలం తగ్గిన నోట్లో పాచి త్వరగా పేరుకుంటుంది. కానీ ప్రతి చిగుళ్ల జబ్బునీ థైరాయిడ్ మీదికి నెట్టేయడం అన్యాయం, పాచి తీయడం మానేయడానికి అదొక సాకవుతుంది. హైపర్‌థైరాయిడ్ అదుపులో లేదంటే మాత్రం ముందే చెప్పండి, మత్తు ఇంజెక్షన్‌లో కలిసే అడ్రినలిన్ విషయంలో మేం జాగ్రత్తపడాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడే కొందరికి చిగురు ఉబ్బి పళ్ల మీదికి వస్తుంది. అదీ చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. షుగర్ ఉన్నవాళ్లు నా దగ్గరికి పరగడుపున రావద్దు. టిఫిన్ తిని, మందు వేసుకుని, పొద్దున పూటే రండి.

షుగర్ ఫైళ్లు తిరగేస్తుంటాను. కంటికి ఒక పేజీ, కిడ్నీకి ఒక పేజీ, పాదాలకీ ఒక గడి. చిగుళ్లకి చోటే లేదు. అందుకే చివరి పేజీ అడుగున లోతులు, నెత్తురు వచ్చిన చోట్లు చేత్తో రాసి పంపుతున్నాను. పన్ను కదలకముందే పేషెంట్లని పంపే షుగర్ డాక్టర్లు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు.