ఎక్స్‌తో సంబంధం లేని అరవై

ఈ వారం టమాటా వీధి బండి మీద కిలో 40, రైతు బజారులో 24. ఎక్కడ కొనాలో ఇంకా అడగాలా అనిపిస్తుంది. కానీ మా ఇంటి నుంచి బజారుకి రానూపోనూ ఆటోకి 60 అవుతుంది. కొనే కిలోలు ఎక్స్ అనుకుంటే బండి దగ్గర ఖర్చు 40 ఎక్స్, బజారులో 24 ఎక్స్ ప్లస్ 60. రెండూ సమానమయ్యేది 3.75 కిలోల దగ్గర. అంతకు తక్కువైతే బండి, ఎక్కువైతే బజారు.

పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జత అని చదివింది ఇదే. గ్రాఫు కాగితం మీద రెండు గీతలు కలిసే బిందువు గుర్తించి మార్కులు తెచ్చుకున్నాం. ఆ బిందువుకి ఎడమన ఒక కొట్టు, కుడిన ఇంకో కొట్టు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.

మన చూపంతా కిలో రేటు మీదే. అది గీత వాలు మాత్రమే. చాలాసార్లు బేరం తేల్చేది ఎక్స్‌తో సంబంధం లేని ఆ 60. 1999లో మొదలైన రైతు బజార్లు దళారీని తప్పించాయి గానీ నా ఆటోని తప్పించలేవు కదా! మాకు వారానికి రెండు కిలోలు చాలు. నిల్వ పచ్చడి పెట్టే వారం మాత్రం పది కిలోలు కావాలి, అప్పుడు బజారుకెళ్తే వంద మిగులుతుంది. పైగా బండావిడ కొసరుగా పది రూపాయల కొత్తిమీర కట్ట సంచిలో పడేస్తుంది. అంటే 40 ఎక్స్ మైనస్ 10. సమానమయ్యే చోటు 4.375 కిలోలకి జరిగిపోతుంది.

ప్యాకెట్లకి ఆటో బాధ లేదు, వాటి తిప్పలు వేరు. యూనిట్ ధర ముద్రించాలని 2021 నాటి సవరణ నిబంధనలు చెప్పాయి. మంచి పనే. అయితే కిలో లోపు ప్యాకెట్‌పై గ్రాము ధర, కిలో దాటితే కిలో ధర. అరకిలో కందిపప్పుపై గ్రాము 0.16 అనీ, రెండు కిలోల ప్యాకెట్‌పై కిలో 158 అనీ ఉంటే ఏది చౌక? వెయ్యితో గుణిస్తే 160 వస్తుంది, పెద్దదే నయమనిపిస్తుంది. కానీ 0.16 రెండు దశాంశాలకి కుదించిన అంకె. అసలు ధర 155 నుంచి 165 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే ఆ అంకె జోలికి పోకుండా ఎమ్మార్పీ చూస్తాను. అరకిలో 78 అంటే కిలో 156. చిన్న ప్యాకెట్లే రెండు తీసుకుంటాను, మా పప్పు డబ్బాలో పట్టేదీ కిలోనే.