ఎవరూ వాడని అల్గారిథమ్

2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలతో కలిసి 9 పేజీల వ్యాసం బయటపెట్టారు. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో నాణెం ఎగరేయకుండా, అంటే యాదృచ్ఛిక ఎంపికలు లేకుండా, రుజువుకాని ఊహల మీద ఆధారపడకుండా తేల్చే పద్ధతి అది. అంకెలు పెరిగేకొద్దీ పని బహుపది మేరకే పెరుగుతుంది. 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. తమాషా ఏమిటంటే, రహస్య సంకేతాల కోసం పెద్ద ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రాములు దాన్ని ముట్టుకోవు. నాణెం ఎగరేసే పాత మిల్లర్-రాబిన్ పరీక్షతోనే పని కానిస్తాయి. వాడని అల్గారిథమ్‌కు అంత పెద్దపీట ఎందుకని ఇంజినీర్లు అడుగుతారు. సిద్ధాంతాన్ని గడియారంతో కొలవడం దగ్గరే పొరపాటు జరుగుతోందని నా అభిప్రాయం.

ఆ పద్ధతి మూలం ఇది: ఎక్స్ ప్లస్ 1ని 5వ ఘాతానికి విస్తరించండి. మధ్య గుణకాలు 5, 10, 10, 5. అన్నీ 5తో నిశ్శేషంగా భాగింపబడతాయి. 6వ ఘాతానికైతే 6, 15, 20, 15, 6. పదిహేను దగ్గరే ఆట కట్టు. ప్రధాన సంఖ్యలన్నీ మొదటి రకం, తక్కిన సంఖ్యలన్నీ రెండో రకం, మినహాయింపు లేదు. చిక్కల్లా, 300 అంకెల సంఖ్యకు ఆ గుణకాలు రాయడానికి విశ్వమంతా కాగితమైనా చాలదు. యాదృచ్ఛికంగా ఎంచిన చిన్న బహుపదితో భాగించి శేషం చూస్తే చాలని అగ్రవాల్, సోమనాథ్ బిశ్వాస్ 1999లోనే చూపారు. ఆ యాదృచ్ఛికతను కూడా తీసేసి, ముందే నిర్ణయించిన కొద్దిపాటి పరీక్షలతో సరిపెట్టడమే 2002 నాటి ఘనత.

మిల్లర్-రాబిన్ ఒక్కో విడతలో పొరబడే అవకాశం నాలుగింట ఒకటికి మించదు. 40 విడతలు తిప్పితే, మిగిలే పొరపాటు అవకాశం కన్నా యంత్రమే తప్పు చేసే అవకాశం ఎక్కువ. ఒప్పుకుంటాను, రోజువారీ పనికి కొరతేమీ లేదు. కానీ సిద్ధాంతం అడిగేది వేరు: నాణెం లేనిదే వేగంగా తేలని లెక్క అసలంటూ ఉందా? ఉందనడానికి 1970ల చివరి నుంచి తరచూ చూపే ఉదాహరణ ఈ ప్రధాన సంఖ్యల పరీక్షే. 2002తో అది చేజారింది. ఒక్క ఉదాహరణ పోతే సిద్ధాంతమంతా తేలినట్టా అంటే, తేలలేదు. ఈ ఆక్షేపణకు బలముంది. రెండు బహుపదులు ఒకటేనా అనే సాధారణ ప్రశ్నకు నేటికీ తెలిసిన వేగమైన దారి యాదృచ్ఛికమే. దాన్నీ నాణెం లేకుండా తేల్చగలిగితే, కొన్ని లెక్కలకు కొద్దిపాటి గణన మెట్లున్న చిన్న సర్క్యూట్లు చాలవన్న రుజువు వెంటే వస్తుందని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు కబనెట్స్, ఇంపగ్లియాజో చూపించారు. అలాంటి రుజువులు ఈ రంగంలో అన్నిటికన్నా మొండివి. కయాల్, సక్సేనా ఆ తర్వాత అటువైపే మళ్లారు.