నిశ్శబ్దం రెండు విధాలు: ఒక ప్రదర్శన నమూనాపై విమర్శ

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో అగ్ని హెచ్చరిక నమూనా తరచు కనిపిస్తుంది. ఒక బ్యాటరీ, ఒక గంట, రెండు లోహాలు అతికిన పట్టీ. కొవ్వొత్తి మంట తగలగానే పట్టీ వంగి తీగను తాకుతుంది, గంట మ్రోగుతుంది, చూపరులు చప్పట్లు కొడతారు. లోహాల వ్యాకోచాన్ని బోధించడానికి ఇది చక్కనిదే. కాని దానికి పెట్టిన పేరు మాత్రం తగదు. తీగ తెగినా గంట మ్రోగదు, నిప్పు లేకున్నా మ్రోగదు. ఈ రెండు నిశ్శబ్దాలకు భేదం చెప్పలేని యంత్రాన్ని నమ్మి మేడలలో ఎలా నిద్రించగలం? 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, కోవిడ్ చికిత్సా కేంద్రంగా మార్చిన హోటలులో నిప్పు రేగి పదిమంది మరణించారు. అటువంటి వేళ తొలి నిమిషాల విలువ వేరే చెప్పనక్కరలేదు.

నిజమైన కట్టడాలలో వలయం ఎప్పుడూ మూసే ఉంటుంది. పొగసూచికలన్నీ రెండు తీగల మధ్య సమాంతరంగా ఉంటాయి. చిట్టచివరి సూచిక వద్ద ఒక నిరోధకం ఉంటుంది. అది 4,700 ఓములు, ప్యానెల్ 24 వోల్టులు అనుకుంటే, ప్రశాంత సమయంలో సుమారు 5 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తూనే ఉంటాయి. తీగ తెగితే ప్రవాహం సున్న అవుతుంది; ప్యానెల్ వెంటనే లోపాన్ని చాటుతుంది. పొగసూచిక 470 ఓముల దారి తెరిస్తే ప్రవాహం 56 దాకా పెరుగుతుంది, అది నిప్పు. పదవ తరగతి విద్యార్థి ఎరిగిన ఓమ్ నియమమే ఇదంతా! అయితే కొందరు పనివాండ్రు శ్రమ తప్పించుకోవడానికి ఆ నిరోధకాన్ని ప్యానెల్ పెట్టెలోనే బిగిస్తారు. అప్పుడు బయట తీగ ఎక్కడ తెగినా ప్యానెల్ ‘అంతా క్షేమం’ అంటుంది. ఇంతకంటె మోసం లేదు.

లోపం ఉన్నదని తెలిస్తే చాలదు, చోటు తెలియాలి. విజయనగరం జిల్లా రామతీర్థంలో బోధికొండ మెట్ల వెంట 16 సూచికల వరుస వేశామని ఊహించండి. ప్యానెల్ క్రింద ఉన్నది. తీగ ఒకచోట తెగింది. మెట్టు మెట్టూ వెదకనక్కరలేదు. నిరోధకాన్ని ఎనిమిదవ సూచిక వద్దకు మార్చండి. ప్యానెల్ శాంతిస్తే క్రింది సగం నిర్దోషి; లేకుంటే లోపం అందులోనే. ఇలా సగానికి సగం చేస్తూ పోతే నాలుగు పరీక్షలలో తెగిన ముక్క దొరుకుతుంది.

పెద్ద కట్టడాలలో తీగ తిరిగి ప్యానెల్‌కే చేరుతుంది. ఒకచోట తెగినా రెండవ వైపు నుంచి వార్త అందుతుంది. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే మాత్రం వలయమంతా మూగబోవచ్చు. అందుకే మధ్యమధ్య వేరుపరచే సాధనాలుంచుతారు. అవి ఆ ఒక్క ముక్కను ఇరువైపులా తెంచి తక్కిన దానిని కాపాడతాయి.

మన నమూనాను సవరించడం కష్టం కాదు. 9 వోల్టుల బ్యాటరీ, లోహపు పట్టీతో శ్రేణిలో 470 ఓములు, కొసన 4,700 ఓములు, ఒక మల్టీమీటరు. మామూలుగా 2 మిల్లీ ఆంపియర్లు, మంట తగిలితే 21, తీగ కత్తిరిస్తే సున్న. గంట లేకున్నా ఫరవాలేదు.