రహస్యం ఎవరిది? – పాపసంకీర్తన గోప్యత, కౌశికుని కథ, కన్యాశుల్కం

ఆంగ్లంలో ‘కన్ఫెషన్’ అనే ఒక్క పదం మోసే రెండు వ్యవహారాలకు తెలుగు వేర్వేరు పేర్లు పెట్టుకున్నది. కతోలిక క్రైస్తవుల వాడుకలో గురువు ఎదుట జరిగేది పాపసంకీర్తనం. న్యాయస్థాన పరిభాషలో ఉన్నది నేరాంగీకారం. మొదటిది క్షమను ఆశించి చెప్పుకొనేది, రెండవది శిక్షకు దారితీసేది. అయితే చందానగర్ వంటి ప్రాంతంలో ఈ తేడా మళ్ళీ మసకబారుతున్నది. బి.హెచ్.ఇ.ఎల్. కాలనీ పక్కన పెరిగి, తరువాత సైబరాబాద్ ఐటీ ఉద్యోగులకు నివాసమైన ఈ చోట తెలుగు, మలయాళ, తమిళ కుటుంబాలు ఇరుగుపొరుగుగా ఉంటాయి. దేవాలయంలో జరిగే దాన్నీ, పోలీసులు రాసుకొనే దాన్నీ నలుగురికీ తెలిసిన ఆ ఆంగ్ల పదంతోనే పిలుస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలలో మరో మెలిక ఉన్నది. అక్కడ విశ్వాసి తన పూర్వజీవితపు తప్పులను సభాముఖంగా చెప్పడాన్ని ‘సాక్ష్యం’ అంటారు. కోర్టులోనూ అదే మాట.

ఈ పదాల గందరగోళం వెనుక ఒక ధర్మసందేహం ఉన్నది. గురువు చెవిన పడిన నేరాన్ని ఆయన బయటపెట్టాలా, దాచాలా? దీనిపై తెలుగులో జరిగే చర్చలలో తరచుగా ముందుకు వచ్చేది మహాభారత కర్ణపర్వంలోని కౌశికుని కథ. గోప్యతను సమర్థించేవారు ఆ కథను తమ పక్షాన నిలుపుకొంటారు. అది ఆ పక్షానికి చెందదని చూపడం, దానికన్నా దగ్గరి ఉపమానం గురజాడ కన్యాశుల్కంలో ఉన్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా చట్టం సంగతి. 1872 నాటి భారత సాక్ష్య చట్టం భార్యాభర్తల మాటలకు 122వ సెక్షన్‌లో, న్యాయవాదికి కక్షిదారు చెప్పిన మాటలకు 126వ సెక్షన్‌లో రక్షణ కల్పించింది. మతగురువుకు చెప్పిన మాటకు అటువంటి రక్షణ ఏదీ ఇవ్వలేదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ విషయంలో మార్పు చేయలేదు. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు నిందితుడిపై రుజువుగా చెల్లదు. గురువు ఎదుట చేసినది, బలహీన సాక్ష్యమే అయినా, చెల్లవచ్చు. ప్రలోభంతోనో బెదిరింపుతోనో రాబట్టిన ఒప్పుకోలు పనికిరాదన్న 24వ సెక్షన్ సైతం ఐహికమైన లాభనష్టాలనే లెక్కలోకి తీసుకుంటుంది. నరకభయం చూపి చెప్పించినది ఆ లెక్కలోకి రాదు. పరలోకానికి ఈ చట్టంలో అధికార పరిధి లేదన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురుదిశలో ఉన్నది కతోలిక ధర్మశాస్త్రం. 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ పాపసంకీర్తన రహస్యాన్ని వెల్లడించిన గురువుకు పదవీచ్యుతి విధించింది. 1983 నాటి స్మృతిలోని 983వ నియమం ఆ రహస్యం ఏ కారణం చేతనూ భంగపరచరానిదని అంటుంది. నేరస్థుడు పోలీసులకు లొంగిపోతేనే క్షమాపణ ఇస్తానని గురువు షరతు పెట్టరాదని 2019లో వాటికన్‌లోని అపోస్తలిక్ పెనిటెన్షియరీ వివరించింది. అయితే చెప్పుకొన్న వ్యక్తే బాధితుడైనప్పుడు, అతనికున్న హక్కులను, ఫిర్యాదు మార్గాలను గురువు తెలియజెప్పాలని కూడా ఆ పత్రమే అంటుంది. చెప్పుకొనేవాడు ఎవరు అన్న ప్రశ్న అక్కడ కూడా ప్రవేశించిందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక కౌశికుడు. గాండీవాన్ని మరొకరికి ఇవ్వమన్న వానిని చంపుతానన్న ప్రతిజ్ఞను నిలుపుకొనడానికి అర్జునుడు ధర్మరాజుపై కత్తి దూసినప్పుడు, కృష్ణుడు చెప్పే కథలలో ఇది ఒకటి. దొంగల బారినుంచి పారిపోయిన జనం అడవిలో దాగుతారు. వారు ఎటు పోయారని దొంగలు అడుగుతారు. సత్యవ్రతుడైన కౌశికుడు ఉన్నదున్నట్టు చెబుతాడు. దొంగలు జనాన్ని పట్టి చంపుతారు, కౌశికుడు నరకానికి పోతాడు. తిక్కన తెలుగు చేసిన పర్వాలలో ఒకటైన కర్ణపర్వంలో ఉండడం వల్ల తెలుగు పాఠకునికి ఇది దూరపు కథ కాదు.

చెప్పవలసినది చెప్పకుండా ఉండడమూ ధర్మమేనని ఈ కథ నిజంగానే బోధిస్తుంది. కాని అక్కడ దాగినవారు ఎవరు? బాధితులు. అడుగుతున్నవారు హంతకులు. పాపసంకీర్తన విషయంలో స్థానాలు తారుమారవుతాయి. మరుగున ఉన్నవాడు నేరం చేసినవాడు, అడుగుతున్నది న్యాయస్థానం, కొన్నిసార్లు బిడ్డను పోగొట్టుకొన్న తల్లి. కథలోని మౌనాన్ని మాత్రం తీసుకొని, ఆ మౌనం ఎవరిని కాచిందో వదిలిపెడితే, హంతకునికి కావలి కాయడానికి కృష్ణుని మాటను సాక్ష్యంగా తెచ్చినట్టవుతుంది.

కన్యాశుల్కం దీనికన్నా దగ్గరి ఉదాహరణ అనడానికి కారణం, అందులో మౌనపు ఖరీదును చెల్లిస్తున్నది మౌనం పాటించినవారు కాకపోవడం. మేనకోడలు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధాన్ల నుంచి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి పెళ్ళికూతురిగా అంటగడతాడు. పెళ్ళయ్యాక ఆ ‘పిల్ల’ మాయమవుతుంది. ఫలితంగా లుబ్ధావధాన్ల మీద హత్యానేరం పడుతుంది. నిజం చెబితే తన మోసం బయటపడుతుంది కాబట్టి కరటకశాస్త్రి పెదవి విప్పడు. మంచి పనికోసం కట్టిన వేషమే నిరపరాధిని ఉరికొయ్య దాకా తెచ్చింది. హిచ్‌కాక్ 1953లో తీసిన ‘ఐ కన్ఫెస్’ చిత్రంలో గురువు ఇతరుని నేరాన్ని తన మీద వేసుకొని మోస్తాడు. గురజాడ నాటకంలో రహస్యధారులు హాయిగా ఉంటారు, మోసేవాడు మరొకడు. లుబ్ధావధాన్లు పాఠకునికి ఏమాత్రం నచ్చనివాడు కావడం ఇక్కడ కీలకం. సానుభూతి దక్కని మనిషికి కూడా న్యాయం దక్కాలా అని నాటకం పరీక్ష పెడుతుంది.

ఆ రహస్యాన్ని వకీలు సౌజన్యారావు దగ్గరకు చేర్చేది మధురవాణి. 1909 నాటి రెండవ కూర్పులోని ఈ చివరి అంకాన్ని విమర్శకులు ఎక్కువగా ఆమె ఔదార్యానికి నిదర్శనంగానే చదివారు. ఆమె అడిగిన ముద్దు, చివరికి దాన్ని ఆమే వదులుకోవడం అందరి దృష్టినీ ఆకర్షించాయి. ఆమె కూడా ఆ పన్నాగానికి తోడ్పడినదే అన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. రహస్యం విప్పితే ఆమె పాత్ర కూడా బయటపడుతుంది. పురోహితుడు కాడు, పీఠాధిపతి కాడు, సమాజం పతిత అన్న స్త్రీ తనకు నష్టం వచ్చే మాటను చెప్పి ఒకరి ప్రాణం కాపాడింది. గురజాడ ఈ బాధ్యతను సౌజన్యారావుకే అప్పగించకపోవడం యాదృచ్ఛికం అనుకొనడం కష్టం.

అయినా కన్యాశుల్కం ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం కాదు. అక్కడ హత్య జరగనే లేదు, నిజం చెబితే ఒకడు విడుదలవుతాడు, అంతే. పాపసంకీర్తన వేదికలో ఒకడు ఒక పసిపిల్లపై తాను చేస్తున్న అఘాయిత్యాన్ని చెప్పి, రేపు కూడా ఆ ఇంటికే వెళ్ళేవాడైతే? 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలంటుంది. 21వ సెక్షన్ చెప్పనివారికి ఆరు నెలల వరకు జైలు విధిస్తుంది. గురువుకు మినహాయింపు లేదు. న్యాయవాది గోప్యతకు సైతం, తనను నియమించుకొన్న తరువాత జరిగిన నేరం విషయంలో, 126వ సెక్షన్ మినహాయింపు పెట్టింది. ఆస్ట్రేలియాలో 2017 నాటి రాయల్ కమిషన్ ఇదే దిశలో సిఫారసు చేశాక అక్కడి కొన్ని రాష్ట్రాలు చట్టాలు మార్చాయి.

గోప్యతను తేలికగా తీసిపారేయరాదనడానికి కారణం కేరళలో ఉన్నది. ఒక స్త్రీ పాపసంకీర్తనంలో చెప్పుకొన్న మాటనే ఆయుధంగా చేసుకొని గురువులు ఆమెను లోబరచుకొన్నారన్న ఆరోపణ 2018లో వచ్చింది. జాతీయ మహిళా కమిషన్ ఆ పద్ధతినే రద్దు చేయాలని సిఫారసు చేయగా బిషప్పులు తీవ్రంగా వ్యతిరేకించారు. అక్కడ రహస్యం బద్దలైనది న్యాయం కోసం కాదు. బలహీనురాలి మాట బలవంతుని చేతికి చిక్కింది. కౌశికుని కథ నిజంగా వర్తించేది ఈ స్త్రీకే. అడవిలో దాగినది ఆమె, దారి చూపినవాడు గురువు.

ధర్మశాస్త్రాలు కూడా ఈ భేదాన్ని ఎరుగనివి కావు. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపవిముక్తి మార్గాలలో చేసినదాన్ని వెల్లడించడాన్ని చేర్చింది, లోకానికి తెలియని పాపాలకు రహస్య ప్రాయశ్చిత్తాలను వేరుగా విధించింది. రెండు చోట్లా లెక్క చేసినవానిదే. ఎవరికి హాని జరిగిందో ఆ మనిషి ఆ లెక్కలో కనిపించదు. చందానగర్‌లో తన బిడ్డకు ఏం జరిగిందో తెలియని తల్లి ఎదుట గోప్యత పవిత్రమా, కాదా అని వాదించేవారు ముందుగా పూరించవలసిన ఖాళీ అది.